బడిలో ప్రార్థన – మీ ఒప్పుకోలు



క్రిందటి నెల మా పక్కవాటా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ వచ్చింది. మూడో తరగతి చదివే వాళ్ళ పాపను బడిలో రోజూ వేరే మతం ప్రార్థనలో కూర్చోబెడుతున్నారట. "మాకిష్టం లేదని చెప్పొచ్చా పిన్నిగారూ? చెబితే టి.సి. ఇచ్చి పంపేస్తారేమో!" అని ఆమె భయం. ఆ బడి ఏ మతంవారిదో నేను చెప్పను. ఎవరిదైతేనేం, చట్టం ఒకటే కదా.

రాజ్యాంగంలోని 28వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు గానీ, గ్రాంటు గానీ ఉన్న బడిలో ఏ పిల్లనూ మతబోధకు, ప్రార్థనకు రమ్మని నిర్బంధించకూడదు. మైనరు పిల్లలైతే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు ఒక్కోసారి ఎక్కడుంటుందో తెలుసా? చేర్చేనాడు మనం చదవకుండా సంతకం పెట్టిన ఫారంలో! అందుకే ముందు దాన్ని తీసి చూడమన్నాను. అందులో అలాంటి మాటేమీ లేదు.

ఇక టి.సి. భయం. 1985 జూలైలో కేరళలో ముగ్గురు పిల్లల్ని నిజంగానే బడినుంచి తీసేశారు. వాళ్ళు యెహోవాసాక్షులు. జనగణమన పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు గాని, తమ విశ్వాసం ఒప్పుకోదని గొంతు కలిపేవారు కారు. అదీ వాళ్ళ నేరం! హైకోర్టులో ఓడిపోయారు. అయినా వాళ్ళ నాన్న ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. రాసినవారు ఒకప్పుడు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జీగా పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. పాడి తీరాలనే చట్టమేదీ లేదనీ, లేచి నిలబడ్డాక అగౌరవం ఎక్కడిదనీ, తీసేయడం పిల్లల మతస్వేచ్ఛకూ వాక్‌స్వాతంత్ర్యానికీ భంగమనీ చెప్పి, తిరిగి చేర్చుకోమన్నారు.

మరి మీరేం చెయ్యాలంటారా? పిల్లను ముందుకు తోసి "నేను రానని చెప్పవే" అనకండి. పాపం, దెబ్బలు తినేది అదీ! మీరే హెడ్‌మాస్టరుకు నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. కదలకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి రాయండి. కోర్టు దాకా వెళ్ళాల్సి వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా న్యాయసహాయం చేస్తారు.

ఇంకో మాట. మన మతంవారి బడిలో చదివే ఇతర మతాల పిల్లలకూ ఇదే హక్కు. ఆ తల్లి ఉత్తరం రాస్తే మనం మూతి ముడవకూడదు మరి.

పక్కవాటా అమ్మాయి ఉత్తరం ఇచ్చి పదిరోజులైంది. ఇప్పుడు ప్రార్థన వేళ పాప లైబ్రరీలో బొమ్మల పుస్తకాలు చూస్తోందట. తోడుగా ఇంకో ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారట.