నెర్వీలియా: ఏకపత్ర భూవాస ఆర్కిడ్ల లక్షణాలు, నామసమస్య

ఆర్కిడ్ అనగానే చెట్టుకొమ్మను అంటిపెట్టుకొని పెరిగే బదనిక వంటి మొక్క స్ఫురిస్తుంది. అయితే ఆర్కిడేసీ కుటుంబంలో నేలలోనే వేరూని పెరిగే ప్రజాతులు తక్కువేమీ కావు. ఆఫ్రికా నుండి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల వరకు వ్యాపించిన నెర్వీలియా అటువంటిది. ఈ మొక్కకు పువ్వూ ఉంది, ఆకూ ఉంది. సాధారణంగా ఆ రెండూ ఒకేసారి కనిపించవు.

పొడికాలమంతా ఇది మట్టిలో చిన్న గుండ్రని దుంపగా నిద్రాణంగా ఉంటుంది. వానల ఆరంభంలో దుంప నుండి ఆకులేని పూకాడ మాత్రమే వెలువడుతుంది. నెర్వీలియా క్రోసిఫార్మిస్‌లో కాడకు ఒకే పువ్వు. నెర్వీలియా ప్లికాటాలో సాధారణంగా రెండు. నెర్వీలియా కాంకలర్‌లో అంతకంటే ఎక్కువ. పువ్వులు త్వరగా వాడిపోతాయి. ఫలదీకరణ జరిగితే కాడ మరింత పొడవు సాగి, ధూళివంటి విత్తనాలను గాలికి వదులుతుంది. ఆ విత్తనాలలో నిల్వ ఆహారం లేనందున మొలకెత్తడానికి నేలలోని శిలీంధ్రాల తోడ్పాటు తప్పనిసరి. పూకాడ పని ముగిశాకే ఆకు పైకి వస్తుంది, అదీ ఒక్కటే. ఏడాదికి సరిపడే ఆహారాన్ని ఆ ఒక్క ఆకే సమకూర్చాలి. నేలలోపల సాగే సన్నని కాడల చివర కొత్త దుంపలు ఏర్పడటం వల్ల మొక్కలు గుంపులుగా కనిపిస్తాయి.

ఆకు గుండ్రంగానో హృదయాకారంలోనో ఉండి, తొడిమ కలిసేచోటు నుండి ఈనెలు విసనకర్ర పుల్లల వలె విచ్చుకుంటాయి. ఈనె అనే అర్థంగల లాటిన్ పదం 'నెర్వస్' నుండే ప్రజాతి నామం ఏర్పడింది. గాడిషో దీనిని 1829లో ప్రచురించాడు. పొగోనియా ప్రజాతిలో చేర్చిన పలు జాతులను ష్లెక్టర్ 1911లో ఇందులోకి మార్చాడు. ఈ గందరగోళానికి మొక్క స్వభావమూ కొంత కారణమే. పూసిన వేళ సేకరించిన నమూనాలో ఆకు ఉండదు. ఆకుతో సేకరించినదానిలో పువ్వు ఉండదు. జాతి నిర్ణయానికి రెండూ కావాలి. ఒకే ఋతువులో అడవికి వెళ్లిన సర్వేక్షకునికి సగం మొక్కే దొరుకుతుంది.

దేశీయ నామాల విషయంలో చిక్కు మరింత సూక్ష్మమైనది. మలయాళంలో దీనిని 'ఓరిల తామర' అంటారు. 'ఇల' అంటే ఆకు. తమిళంలో 'ఓరిదళ్ తామరై' వేరే మొక్క, తెలుగువారి రత్నపురుష. అక్కడ 'ఇదళ్' అంటే పూరేకు. ఒకటి ఆర్కిడ్, మరొకటి వయోలేసీ కుటుంబపు మొక్క. తెలుగులోనైతే 'దళం' మారేడు ఆకుకూ చెల్లుతుంది, తామర రేకుకూ చెల్లుతుంది. కనుక ఈ రెండు పేర్లనూ 'ఏకదళ' అని అనువదిస్తే భేదం పూర్తిగా చెరిగిపోతుంది; పైగా ఏకదళబీజమనే పరిభాష మరొక అయోమయాన్ని చేరుస్తుంది. 'ఏకపత్ర' అనడమే మేలు. రెండూ సంప్రదాయ వైద్యంలో వాడుకలో ఉన్న మొక్కలే కాబట్టి ఇది కేవలం నిఘంటుకారుల తగాదా కాదు: పేరు తారుమారైతే ఔషధం తారుమారవుతుంది, నెర్వీలియా దుంపను తవ్వితే ఆ మొక్కకు మరుసటి ఏడు పువ్వూ ఉండదు, ఆకూ ఉండదు.