విశాఖ తీరాన ఒక్క రోజు

మిషిగన్‌లో డిసెంబరు వచ్చిందంటే మనవాళ్ళలో సగంమంది కాన్‌కూన్‌కో జమైకాకో టిక్కెట్లు కొంటారు. మిగతా సగం ఇండియా వెళ్ళి, మూడు వారాల్లో నాలుగు పెళ్ళిళ్ళు, రెండు గృహప్రవేశాలు, ఒక తిరుపతి ముగించుకుని, వెళ్ళినప్పటికంటే అలిసిపోయి తిరిగొస్తారు. మేము రెండో రకం. అయితే క్రిందటి డిసెంబరులో ఆ మూడు వారాల్లోంచి ఒక్క రోజు ఎలాగో మిగుల్చుకున్నాం. పిల్లల్ని అమ్మమ్మగారి దగ్గర వదిలి, మేమిద్దరమే విశాఖపట్నం నుంచి భీమిలి దాకా సముద్రం వెంట తిరిగాం, తీరిగ్గా ఈతకొట్టాం. ఇద్దరే ఎందుకు వెళ్తున్నారని బంధువుల్లో ముగ్గురు అడిగారు. "ఊరికే" అన్న జవాబు ముగ్గురికీ నచ్చలేదు.

ఫార్మింగ్టన్ హిల్స్ ఉన్నది 42వ అక్షాంశం పైన. విశాఖ ఇంకా 18 కూడా అందుకోలేదు. అందుకని అక్కడ మనం మంచు పారతో తోసే నెలలో ఇక్కడ నీళ్ళలో దిగితే వొణుకు రాదు. వర్షాకాలపు అలల ఉధృతం కూడా అప్పటికి తగ్గుతుంది. వెళ్ళదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు.

పొద్దున్నే రామకృష్ణా బీచికి చేరాం. పక్కనే ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల ఆ పేరు వచ్చింది. బీచి రోడ్డు పొడుగునా తెలుగు మహనీయుల విగ్రహాలు నిలబడి ఉంటాయి. ఇసుక మీద ఉన్న కుర్సురా జలాంతర్గామి చూడకుండా రాకండి. రష్యాలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో పదవీ విరమణ చేసింది. 2002 నుంచి మ్యూజియం. తొంభై మీటర్ల పైచిలుకు గొట్టంలో డెబ్బై అయిదు మంది ఎలా కాపురం చేశారో లోపలికి వెళ్తే తప్ప అర్థం కాదు. మంచాలు చూడగానే మాకు హౌస్‌సర్జన్ల గది గుర్తొచ్చింది. దారి చూపేవాళ్ళు నౌకాదళంలో పనిచేసి వచ్చిన పెద్దవాళ్ళు. వాళ్ళు చెప్పేది తొందరపడకుండా వినండి.

అక్కణ్ణించి టాక్సీలో భీమిలి రోడ్డు పట్టాం. ఎడమ చేతికి కొండలు, కుడి చేతికి సముద్రం. తొట్లకొండ ఎక్కాం. నౌకాదళం వాళ్ళు ఆకాశం నుంచి సర్వే చేస్తుండగా బయటపడ్డ బౌద్ధారామం ఇది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. రెండువేల ఏళ్ళ నాటి భిక్షువుల గదుల పునాదులు, భోజనశాల, స్తూపాలు ఉన్నాయి. రోము వెండి నాణేలు కూడా దొరికాయట. ఆ కొండమీద నిలబడి కింద సముద్రం చూస్తే ఆ నాణేలు ఏ దారిన వచ్చాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. సన్యాసులు చోటు ఎంచుకోవడంలో గట్టివాళ్ళే!

భీమిలిలో డచ్చివాళ్ళ పాత సమాధులు, దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూశాం. ఊరు 1861లోనే మునిసిపాలిటీ అయినా ఇంకా పల్లెటూరి నిద్ర పూర్తిగా వదల్లేదు. మాకు అదే నచ్చింది. ఒక చిన్న హోటల్లో చేపల పులుసుతో భోంచేసి, చెట్టు కింద కాసేపు కునుకు తీసి, మూడింటికి వెనక్కి ఋషికొండ వచ్చాం.

ఇక్కడ కాస్త నిలబడి చెప్పాలి. మాలో ఒకరం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, కింగ్ జార్జి ఆసుపత్రిలో హౌస్‌సర్జన్ చేసినవాళ్ళం. ఆదివారం సాయంత్రాలు సముద్రం నుంచి నేరుగా క్యాజువాల్టీకి వచ్చిన కుర్రాళ్ళను చూశాం. పద్దెనిమిదేళ్ళు, పందొమ్మిదేళ్ళు. ఒంటిమీద ఇసుక ఇంకా ఆరి ఉండదు. బయట స్నేహితులు తడిబట్టలతో నిలబడి ఉంటారు. అందుకే మా పిల్లలు మన ఊళ్ళో 'ది హాక్' ఈతకొలనులో చేపల్లా ఈదుతున్నా, వాళ్ళను ఈ నీళ్ళలో దించేముందు మేము దిగి చూడాలనుకున్నాం. ఆ 'ఊరికే' వెనక ఉన్న సంగతి ఇదీ.

ఋషికొండకు 2020లో 'నీలి జెండా' గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కావాలంటే నీళ్ళు పరీక్షించాలి, బట్టలు మార్చుకునే గదులుండాలి, కాపలా ఈతగాళ్ళుండాలి. ఈత కొట్టదగిన చోటుకు హద్దులు పెట్టి ఉన్నాయి. కాపలా కుర్రవాడు జాలరిపేట మనిషి. మేము ఈత వచ్చునని చెబితే నవ్వాడు. "ఈతొచ్చినోళ్ళతోనే బాబూ మాకు బయం. రానోళ్ళు ఒడ్డునే ఉంటారు" అన్నాడు. తర్వాత వేలు పెట్టి చూపించాడు: "అదిగో, అల ఇరగని సోటు సూడండి. ఆ నున్నటి నీళ్ళే లోపలికెల్లే దారి."

అతను చెప్పినది పుస్తకంలో ఉన్నదే. అలలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి పోవాలి. ఇసుక తిన్నెల మధ్య సందు దొరికితే అందులోంచి సన్నని ఏరులా సముద్రంలోకి పరుగెడుతుంది. పైకి చూస్తే అక్కడే అలలు తక్కువ, నీళ్ళు నిదానంగా ఉన్నట్టుంటాయి. చంటిపిల్లల్ని తీసుకుని తల్లిదండ్రులు ఏరికోరి దిగేది అక్కడే. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. దానికి ఎదురీదితే ఒలింపిక్ ఈతగాడైనా అలిసిపోతాడు. చిక్కుకుంటే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి, లేదా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ ఏరు దాటాక వెనక్కి రావాలి. ఇది విశాఖకే పరిమితం కాదు. మన సౌత్ హేవెన్, గ్రాండ్ హేవెన్లలో పియర్ల పక్కన లేక్ మిషిగన్ చేసేదీ ఇలాంటి పనే.

డాక్టర్లం కనుక ఇంకో మాట. మునిగేవాడు సినిమాలోలాగా కేకలు వెయ్యడు, నిశ్శబ్దంగా పోతాడు. బయటికి తీసినవాణ్ణి తలక్రిందులుగా వేలాడదీయడం, కడుపు నొక్కడం మన వైపు ఇంకా చూస్తాం. అలా చెయ్యకండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడకపోతే ముందు నోటితో ఊపిరి ఇచ్చి, ఆ తర్వాత గుండెమీద ఒత్తాలి. గుండెపోటు వచ్చినవాడికి ఒత్తడం ఒక్కటే చేసినా కొంత ఫలితం ఉంటుంది. నీళ్ళలో మునిగినవాడికి గాలే మందు.

ఇంత చెప్పాక భయపెట్టామనుకోకండి. ఆ కుర్రవాడు చూపించిన హద్దుల్లో, నడుములోతు నుంచి ఛాతీలోతు వరకు, గంటన్నర ఆడుకున్నాం. ఉప్పునీరు మనిషిని ఎంత తేలిగ్గా మోస్తుందో కొలనులో ఈదేవారికి తెలియదు. వెల్లకిలా పడుకుంటే ఒక పక్క కొండ, ఒక పక్క ఆకాశం, పేజరు లేదు, ఫోను లేదు. చీరకట్టుతోనే మోకాళ్ళ లోతుకు వచ్చిన ఒక మామ్మగారు మా ఈతబట్టలు చూసి, "ఏవూరమ్మా మీది?" అని అడిగారు. అమెరికా అంటే, "అక్కడ సముద్రం లేదా?" అన్నారు. మంచినీళ్ళ సముద్రాలున్నాయి మామ్మగారూ అంటే నమ్మలేదు.

తూర్పు తీరం కాబట్టి పొద్దు సముద్రంలో కాక కొండల వెనక దిగుతుంది. చీకటి పడ్డాక మళ్ళీ రామకృష్ణా బీచిలో, ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండిన మిరపకాయ బజ్జీలు రెండేసి, తర్వాత మురీ మిక్చరు. కడుపు గురించి అడగకండి, ఏమీ కాలేదు.

మర్నాడు పిల్లల్ని తీసుకువెళ్ళడానికి అమ్మమ్మగారి అనుమతి కావలసి వచ్చింది. యాభై ఏళ్ళుగా సముద్రం పక్కనే ఉంటూ ఆవిడ మోకాలు దాటి తడవలేదు. గంటసేపు వాదన జరిగింది. చివరికి తానూ వస్తానని, ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుంటానని, ఆ కాపలా కుర్రవాడితో ముందు తానే మాట్లాడతానని షరతులు పెట్టి ఒప్పుకున్నారు.