‘అల్లర్లు’ అని ఎవరు తేల్చాలి?

2019 జూన్ 12న హాంకాంగ్ శాసనమండలి చుట్టూ రోడ్లన్నీ యువతతో నిండిపోయాయి. నేరారోపణ ఉన్నవాళ్లను చైనా ప్రధాన భూభాగానికి అప్పగించే వీలు కల్పించే బిల్లు ఆ రోజే చర్చకు రావాలి. మధ్యాహ్నానికి తోపులాట ముదిరింది. కొందరు ఇటుకలు, ఇనుప కడ్డీలు విసిరారు. పోలీసులు 150కి పైగా బాష్పవాయు గోళాలు ప్రయోగించారు, రబ్బరు తూటాలు కూడా పేల్చారు. పొద్దు గూకకముందే పోలీస్ కమిషనర్ స్టీఫెన్ లో దానికి ‘అల్లర్లు’ అని పేరు పెట్టేశారు. ప్రభుత్వాధినేత క్యారీ లామ్‌దీ అదే మాట.

అక్కడి చట్టంలో అదొక నేరం పేరు. చట్టవిరుద్ధంగా గుమిగూడితే గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. అదే అల్లర్లయితే పదేళ్లు. 2016 నాటి మోంగ్‌కాక్ ఘర్షణల కేసులో ఎడ్వర్డ్ లియుంగ్ అనే యువనేతకు ఈ నేరం కిందే ఆరేళ్ల జైలు పడింది. అందువల్ల ప్లకార్డు పట్టుకుని ఊరికే నిలబడ్డ విద్యార్థులు కూడా ఉలిక్కిపడ్డారు. రెండు రోజులకు తల్లులు సభ పెట్టి, పిల్లల మీద కాల్పులేమిటని నిలదీశారు.

జూన్ 17న కమిషనర్ సర్దుకున్నారు. తాను అందరినీ అనలేదని, హింసకు దిగిన కొందరి గురించే చెప్పానని వివరణ ఇచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ ముద్ర తొలగించాలన్నది ఉద్యమకారుల ఐదు డిమాండ్లలో ఒకటైంది. సెప్టెంబరులో బిల్లును ఉపసంహరిస్తామన్న లామ్, ఈ మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వేసవి సాగేకొద్దీ భాష ఇంకా దిగజారింది. పోలీసుల సంఘం ఒకటి తన ప్రకటనలో ఆందోళనకారులను బొద్దింకలతో పోల్చింది. వీధుల్లో పోలీసులను కుక్కలని తిట్టేవారు. రెండూ తప్పే, కానీ రెండింటి బరువూ ఒకటి కాదు. లాఠీ, అరెస్టు చేసే అధికారం చేతిలో ఉన్నవారు ఎదుటివాళ్లను పురుగులుగా చూస్తే, ఆ దెబ్బ శరీరాల మీదే పడుతుంది.

మనకూ ఇది దూరపు సంగతేమీ కాదు. భారతీయ న్యాయ సంహిత 191వ సెక్షన్ ప్రకారం, చట్టవిరుద్ధంగా గుమిగూడిన ఐదుగురు లేదా అంతకుమించిన గుంపులో ఏ ఒక్కరు ఉమ్మడి ఉద్దేశం కోసం బలప్రయోగం చేసినా, ఆ గుంపులోని ప్రతి ఒక్కరూ దోషే. శిక్ష రెండేళ్ల దాకా ఉంటుంది. 1860 నాటి శిక్షాస్మృతి నుంచి వచ్చిన సూత్రమిది. అలాంటప్పుడు ఎవరేం చేశారో సాక్ష్యాలతో తేల్చాల్సింది కోర్టులు. ఘర్షణలో తామే ఒక పక్షమైన పోలీసులు అదే సాయంత్రం మైకు ముందు తీర్పు చెప్పడం అన్యాయం.

2021 నవంబరులో హాంకాంగ్ అత్యున్నత న్యాయస్థానం, ఘటనాస్థలంలో లేనివారిని ఉమ్మడి పథకం పేరుతో అల్లర్ల నేరంలో దోషులుగా తేల్చడం కుదరదని చెప్పింది. అయితే అక్కడే ఉండి మాటలతో, సైగలతో ఇతరులను ప్రోత్సహిస్తే అది కూడా పాల్గొనడమే కావచ్చని అదే తీర్పులో పేర్కొంది.