‘సైబర్’ శబ్దం: వ్యుత్పత్తి, ప్రవృత్తి

మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్న నా పూర్వవిద్యార్థి కొంతకాలం క్రితం ఇంటికి వచ్చి, “గురువుగారూ, మా సంస్థలో తెలుగువారి కోసం ఒక కరపత్రం వేస్తున్నాము. సైబర్ సెక్యూరిటీ అన్నదానికి మంచి తెలుగు మాట సెలవియ్యండి” అని కోరాడు. ఆ శబ్దానికి మూలార్థం ఓడ నడిపేవాడని నేనెరుగుదును. ఓడ నడిపేవారికి అమరసింహుడు చెప్పిన పేర్లలో ‘నియామక’ శబ్దం ఉన్నది. వ్యుత్పత్తికి సరిగా అతికే మాట దొరికిందన్న ఉత్సాహంతో ‘నియామక భద్రత’ అన్నాను. అతడు కాసేపు మౌనం వహించి, “ఇది చదివితే మావాళ్లు తమ ఉద్యోగాలు ఊడవని హామీ ఇస్తున్నారనుకుంటారండీ” అన్నాడు.

నవ్వు వచ్చిన మాట నిజమే. కాని ధాతువు సరిగా ఉండి, ప్రత్యయం సరిగా ఉండి, కోశప్రామాణ్యం కూడా ఉండగా మాట ఎందుకు చెడింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

వ్యుత్పత్తి

గ్రీకు భాషలో ‘కుబెర్నాన్’ అనగా చుక్కాని పట్టి ఓడను నడపడం. ఆ పని చేసేవాడు ‘కుబెర్నేతేస్’. రోమనులు ఈ మాటను గ్రహించగా ఆదికకారం గకారమై లాటిన్‌లో ‘గుబెర్నారె’ అయింది. అది ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషుకు చేరేసరికి బకారం వకారమై ‘గవర్న్’ అయింది. గవర్నరు, గవర్నమెంటు అన్నవి ఆ కుదురులోనివే. కనుక రాష్ట్రానికి గవర్నరు, లారీ వేగాన్ని అదుపుచేసే స్పీడ్ గవర్నరు, మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ పేరులో మొదటి పదం, ఈ మూడూ ఒకే మూలం నుండి పుట్టిన మాటలు.

ఓడ నడపడం నుండి రాజ్యం నడపడానికి అర్థం ప్రసరించడం సహజమే. ప్లేటో తన ‘రిపబ్లిక్’ ఆరవ భాగంలో రాజ్యాన్ని ఓడతో పోల్చాడు. రాజు లేని ప్రజ కర్ణధారుడు లేని నావ వంటిదన్న భావం మన హితోపదేశంలోనూ కలదు. ఇక్కడ ‘కర్ణ’ శబ్దానికి చెవి అని కాక చుక్కాని అని అర్థం. ఇక ‘నియామక’ శబ్దం ని అనే ఉపసర్గతో కూడిన యమ ధాతువు నుండి ఏర్పడింది. అదుపులో నడిపేవాడని దాని అర్థం. గ్రీకులో నావికుడు పాలకుడైన దారికి ఇది ఎదురుదారి. అక్కడ నావికుని పేరు పాలకునికి వచ్చింది. ఇక్కడ అదుపు చేసేవాని పేరు నావికునికి వచ్చింది.

అయితే ఈ సామ్యాన్ని బట్టి శబ్దబంధుత్వం కల్పించరాదు. నావ ఎక్కిన ప్రతి జాతికీ తోచే ఊహ ఇది. అట్లే ధనం పుష్కలంగా ఉన్న చోటు గదా అని ‘సైబర్’ను ‘కుబేర’ శబ్దంతో ముడిపెట్టడం కూడా ధ్వనిసాదృశ్యం కల్పించే భ్రాంతి మాత్రమే.

అర్థపరిణామం

1843లో వెలువడిన గ్రంథంలో ఆంపేర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పాలనవిద్యకు ఈ గ్రీకు మాటతోనే పేరు పెట్టాడు. యంత్రాల వేగాన్ని తమంత తామే సరిదిద్దే ‘గవర్నర్ల’ను గురించి 1868లో మాక్స్‌వెల్ ఒక ప్రసిద్ధ వ్యాసం రచించాడు. 1948లో నార్బర్ట్ వీనర్ ప్రాణులలోనూ యంత్రాలలోనూ సమాచారం, నియంత్రణ జరిగే తీరును చర్చించే శాస్త్రానికి ‘సైబర్నెటిక్స్’ అని నామకరణం చేశాడు. అంతవరకు నడపడం, అదుపు చేయడం అన్న అర్థం చెక్కుచెదరలేదు. 1960లో పుట్టిన ‘సైబోర్గ్’లోనూ, అనగా యంత్రాంగంతో కూడిన ప్రాణి అన్న మాటలోనూ, అది కొంత నిలిచి ఉన్నది.

మలుపు 1982లో వచ్చింది. విలియం గిబ్సన్ అనే నవలాకారుడు ఒక కథలో ‘సైబర్‌స్పేస్’ అనే పదాన్ని ప్రయోగించాడు. కంప్యూటర్లన్నీ కలిసి కల్పించే ఊహాలోకం దాని అర్థం. ఆ పదం నుండి ముందుభాగం విడివడి ‘కంప్యూటర్ల వలకు సంబంధించిన’ అనే కొత్త అర్థంతో స్వతంత్రంగా సంచరించసాగింది. సైబర్ కేఫ్, సైబర్ నేరం, సైబర్ భద్రత ఇత్యాదులలో ఓడా లేదు, చుక్కానీ లేదు.

సైబరాబాద్

ఈ దశలోనే ఆ మాట హైదరాబాదుకు వచ్చింది. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ, 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేటు ఏర్పడ్డాయి. అభివృద్ధి సంస్థ 2008లో హెచ్.ఎం.డి.ఎ.లో లీనమైనా పేరు మాత్రం నిలిచింది.

పారసీకంలో ‘ఆబాద్’ అనగా జనంతో వర్ధిల్లే చోటు. తెలంగాణ రెవెన్యూ వ్యవహారంలో ఊరి నివాసస్థలాన్ని ‘ఆబాదీ’ అనడం మనం విన్నదే. హైదరాబాద్, సికిందరాబాద్ అన్నవి హైదర్, సికందర్ అనే వ్యక్తినామాలు పూర్వపదాలుగా గల షష్ఠీతత్పురుషల వంటివి. సైబరాబాద్‌లో పూర్వపదం వ్యక్తి కాదు. ‘సైబర్ విద్యలతో వర్ధిల్లే చోటు’ అని మధ్యమపదలోపంగా విగ్రహం చెప్పుకోవాలి. సమాసం వేరైనా శ్రుతి ఒకటే కావడంతో హైదర్ స్థానంలో సైబర్ ఇట్టే ఇమిడిపోయింది. గ్రీకు, పారసీక పదాల ఈ మిశ్రసమాసాన్ని జనం అన్వయక్లేశం లేకుండా స్వీకరించారు.

కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. గచ్చిబౌలిలో సైకిలు పోతే అది సైబరాబాద్ పోలీసుల కేసే గాని సైబర్ నేరం కాదు. ఆదిలాబాదులో ఒకరి సొమ్ము ఫోనుద్వారా పోతే అది సైబర్ నేరమే గాని సైబరాబాద్ కేసు కాదు. మొదటిదానిలో ‘సైబర్’ సంజ్ఞలో భాగం, రెండవదానిలో విశేషణం. ఈ భేదం తెలియకపోవడం కేవలం పండితచర్చావిషయం కాదు.

నా సహాధ్యాయి ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు. ఒకనాడు ఎవరో ఫోను చేసి తాము సైబర్ పోలీసులమనీ, ఆయనను ‘డిజిటల్ అరెస్టు’ చేశామనీ, గదిలోనుండి కదలరాదనీ బెదిరించారు. సైబరాబాద్ పోలీసు అన్న బోర్డును ఆయన నిత్యం చూస్తారు. ఆ పరిచయం వల్ల మాట నిజమనే నమ్మి రెండు గంటలు కూర్చున్నారు. కుమారుడు వేళకు ఇంటికి రావడం వల్ల పింఛను సొమ్ము దక్కింది. “అన్ని శాస్త్రాలు చదివీ ఒక్క మాటకు భయపడ్డానురా” అని ఆయన నాతో అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు.

మన చట్టాలలో అట్టి అరెస్టు ఏదీ లేదు. శబ్దం వినగానే జ్ఞానం కలిగి, ఆ జ్ఞానానికి వస్తువు లేకపోవడాన్ని పతంజలి యోగసూత్రాలలో ‘వికల్పం’ అన్నాడు. డిజిటల్ అరెస్టు కుందేటికొమ్ము వంటి వికల్పమే. అయితే కుందేటికొమ్ము ఎవరి సొమ్మునూ హరించదు.

సిద్ధాంతం

‘కుశల’ శబ్దానికి దర్భలు కోసేవాడన్నది వ్యుత్పత్తి, నేర్పరి అన్నది వ్యవహారం. ఇది రూఢిలక్షణ అని మమ్మటుడు అన్నాడు. విశ్వనాథుడు దానిని అంగీకరించక, వ్యుత్పత్తినిమిత్తం వేరు, ప్రవృత్తినిమిత్తం వేరు, రెండవదే ముఖ్యార్థాన్ని నిర్ణయిస్తుందన్నాడు. వ్యుత్పత్తినే ముఖ్యార్థమంటే, వెళ్లేది గనుక ‘గౌః’ అయిన ఆవు పడుకున్నప్పుడు ఆ పేరుకు లక్షణ చెప్పవలసి వస్తుందని ఆయన ఆక్షేపణ.

నా పొరపాటు ఇక్కడే ఉన్నది. గ్రీకుమాట వ్యుత్పత్తిని అనువదించాను గాని నేటి ప్రవృత్తిని చూడలేదు. పైగా తెలుగులో ‘నియామకం’ ఉద్యోగమివ్వడమనే అర్థంలో రూఢమై కూర్చున్నదన్న సంగతినీ మరచాను. మూలభాషలో రూఢిని, మన భాషలో రూఢిని, రెండింటినీ ఉల్లంఘించిన పదం నిలవదు.

సంస్కృత పర్యాయం లేనిదే మాట మనది కాదన్న పూర్వపక్షానికి ‘చుక్కాని’యే సమాధానం. అది అరబ్బీ ‘సుక్కాన్’ నుండి వచ్చింది. నేడు దానిని అన్యదేశ్యమని ఎవరూ తలంచరు. సైబర్ కూడా అట్లే నిలుస్తుంది. కనుక పారిభాషికపదం కల్పించేవారు మొదట ఆ శబ్దం నేడు దేనిని బోధిస్తున్నదో చూడాలి, పిదప ధాతువును వెదకాలి. విద్యార్థులకు మాత్రం రెండూ చెప్పాలి. మాటకు అర్థం తెలిసినవానిని ఉత్త శబ్దంతో భయపెట్టడం కష్టం.

నా విద్యార్థికి తిరిగి కబురు పంపాను. కరపత్రంలో ‘సైబర్ భద్రత’ అనే ఉంచి, దాని క్రింద ‘ఫోనులోను, కంప్యూటరులోను మీ సొమ్మును, మీ వివరాలను కాపాడుకోవడం’ అని వివరణ వ్రాయమన్నాను. మోసం జరిగితే వెంటనే పిలవవలసిన 1930 సంఖ్యను పెద్ద అక్షరాలలో వేయమన్నాను. అట్లే వేశాడు. ఒక ప్రతిని నా సహాధ్యాయికి కూడా పంపించాను.