మొరాయించు గుఱ్ఱము: శాస్త్రము, పదజాలము

తెలుగున స్వారిగుఱ్ఱపు దుర్వర్తనమును తెలుపు పదములు పెక్కు కలవు. గుఱ్ఱము ముందునకు అడుగు వేయక నిలిచినచో మొరాయించె ననియు, చప్పుడునకో నీడకో ఉలికిపడినచో బెదరె ననియు వాడుక. ఈ రెంటిని ఒకే 'మొండి' అను మాటతో చెప్పుటచే కారణభేదము మఱుగుపడును. కారణము తెలియక చేసిన చికిత్స వికటించును.

ప్రాచీన శాస్త్రకారులు ఈ విషయమున జాగ్రత్త వహించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రములో అశ్వాధ్యక్షప్రకరణము గుఱ్ఱములను తీక్ష్ణ, భద్ర, మంద భేదముల ననుసరించి యుద్ధమునకుగాని స్వారికిగాని నియోగింపవలె నని చెప్పుచున్నది. ఇచ్చట దుష్టాశ్వ మను వర్గము లేదు. స్వభావమునకు తగిన పనియే విధి. అమరకోశము ఆజానేయము, వినీతము అను పదములను వేఱుచేసి చూపినది. మొదటిది మేలుజాతి గుఱ్ఱము. రెండవది శిక్షణచే చక్కగా మోయు గుఱ్ఱము. జాతి పుట్టుకతో వచ్చునది, వినయము నేర్పగా వచ్చునది. ఈ భేదమే ప్రస్తుతవిషయమునకు మూలము. తెలుగునను మనుమంచిభట్టు అశ్వశాస్త్రమును పద్యరూపమున రచించెను.

మొరాయించు గుఱ్ఱమునందు మొదట పరీక్షింపదగినది నొప్పి. జీను వీపును ఒరసికొనుట, నడుమున కట్టిన పట్టెడ మితిమీఱి బిగియుట, పలుగొనలు బుగ్గను కోయుట, కళ్లెపు ఇనుము నోటిని గాయపఱచుట, లాడము కింద డెక్క నొచ్చుట - వీనిలో ఏది యున్నను గుఱ్ఱము కదలనొల్లదు. అట్టిదానిని కొరడాతో కొట్టుట నొప్పిపై నొప్పిని కలిగించుటయే. కౌటిల్యుడు కళ్లెము పట్టువాడు, గడ్డి వేయువాడు, దాణా వండువాడు, వైద్యుడు మున్నగువారిని వేర్వేఱుగ పేర్కొనుట గమనింపదగినది. గుఱ్ఱపు నడక రౌతు చేతిలోనే గాక వీరందఱి చేతులలో నున్నది.

రెండవది భయము. గుఱ్ఱము క్రూరమృగములకు ఆహారమైన జంతువు. పరుగే దానికి రక్ష. కన్నులు తలకు ఇరువైపుల నుండుటచే చుట్టును చాలవఱకు చూడగలదు. నుదుటి ముందఱను, తోక వెనుకను మాత్రము దృష్టి సోకదు. కావున వెనుకనుండి హఠాత్తుగ చేరరాదు. బెదరినదానికి ఆ వస్తువును చూచుటకు వ్యవధి నొసగి, మాలిమి గల మఱియొక గుఱ్ఱమును ముందు నడపింపవలెను.

నొప్పియు భయమును లేవని తేలిన పిమ్మటనే శిక్షణ. రౌతు మడమలతో మెల్లగ ఒత్తవలెను. గుఱ్ఱము ఒక్క అడుగు వేసినను తత్క్షణమే ఆ ఒత్తిడిని విడువవలెను. దానికి పాఠమగునది ఒత్తిడి కాదు, విడుపు. అడుగు వేసిన తరువాతను తన్నుచు నుండు రౌతు కదలుట నిష్ఫలమని దానికి తానే నేర్పును. అప్పటికిని నిలిచినచో ఒక వాగెతో తలను ప్రక్కకు త్రిప్పి కాళ్లు కదలునట్లు చేయవలెను. ముందుకాళ్లెత్తినచో రౌతు ముందునకు వంగి వాగెలను సడలింపవలెను. రెండు వాగెలను లాగినచో గుఱ్ఱము వెనుకకు పడి ప్రాణహాని కలుగవచ్చును. గ్రీకు రచయిత జెనొఫన్ గుఱ్ఱమును కోపముతో ఎన్నడును దండింపరా దని క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిలోనే చెప్పియుండెను.

ఈ విచారము కేవలము గ్రంథస్థము కాదు. తెలుగువారు నేతపనికై వలసవచ్చి స్థిరపడిన సూరతులోను, దాని దక్షిణపుటంచున నున్న ఉన్ ప్రాంతమునను వ్యవహరించు గుజరాతీభాషలో పెండ్లి ఊరేగింపునకు 'వరఘోడో' అని పేరు. వరుని గుఱ్ఱ మని పదార్థము. బాజాలు, బాణసంచా, జనసమ్మర్దము నడుమ గుఱ్ఱము మొరాయించినచో అది మొండితనమో భయమో తెలిసికొనకుండ కొరడా ఎత్తినవాడు వరునికే గాక చుట్టునున్న పిల్లలకును అపాయము తెచ్చును. అచ్చట చేయదగినది ముందుగ మ్రోతను ఆపించి, వరుని దింపి, గుఱ్ఱమును ఎడముగ నడిపించుట.

కోశకారులు మొరాయించుట, బెదరుట అను పదములను ఒకే అర్థమున కుదింపక వేర్వేఱుగ నిర్వచించుట ఉచితము. మొదటిది గుఱ్ఱము నిరాకరణమును, రెండవది దాని భీతిని తెలుపును. పదభేదము నిలిచినచో చికిత్సాభేదమును నిలుచును.