పింఛను గుమ్మం దాకా వస్తోంది.. మరి నర్సు? వాడరేవు లాంటి తీర గ్రామాల్లో మంచాన పడ్డ పెద్దవాళ్లని చూసేదెవరు?

ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి ఇంటికొస్తారు. వేలిముద్ర వేయించుకుని, పింఛను డబ్బులు చేతిలో పెట్టి వెళ్తారు. వాడరేవులో అయినా, రేపల్లెలో అయినా, తెనాలిలో అయినా ఇదే సీన్. మామ్మ లేవలేకపోతే ఆమె మంచం దగ్గరికే వస్తారు. మంచి విషయమే. కానీ అదే మామ్మకి నడుము కింద పుండు పడుతోందా? నిన్నటిదాకా కూర్చుని అన్నం తిన్న మనిషి ఇవాళ ఎందుకు లేవలేకపోతోంది? ఇవి చూడటానికి ఎవరొస్తున్నారు? ఎవరూ రాకపోతే ఇంట్లోవాళ్లు ఏం తెలుసుకోవాలి? ఈ స్టోరీ దాని గురించే.

డబ్బు వచ్చింది.. సేవ ఎక్కడ?

2024 జులై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 3 వేల నుంచి 4 వేలకు పెరిగింది. మత్స్యకారులకి, చేనేత కార్మికులకి 50 ఏళ్లకే పింఛను వస్తుంది. వేటకెళ్లే వాడరేవుకి, మగ్గాలున్న చీరాల చుట్టుపక్కలకి ఇది చాలా పెద్ద విషయం. పక్షవాతం లాంటి వాటితో పూర్తిగా మంచానికో, వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి నెలకి 15 వేలు ఇస్తున్నారు. ఆ 15 వేలు అర్హులకే వెళ్తున్నాయా లేదా అని చెక్ చేయడానికి 2025 జనవరిలో డాక్టర్ల టీములు ఇళ్లకే వెళ్లాయి. అంటే తలుచుకుంటే డాక్టరు మంచం దాకా రాగలరు. అర్హత చూడటానికి వచ్చిన దారిలోనే పుండు చూడటానికీ రావచ్చు కదా అన్నదే ప్రశ్న.

ఆసుపత్రి ఖర్చు సంగతికొస్తే 2024 అక్టోబర్ 29న 70 ఏళ్లు దాటిన అందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అని కేంద్రం ప్రకటించింది. కానీ అది ఆసుపత్రిలో అడ్మిట్ అయితేనే. డిశ్చార్జి చేసి ఇంటికి పంపాక మొదలయ్యే అసలు కష్టానికి ఆ కార్డు పనికిరాదు.

నిజానికి కాగితం మీద ఇంటి సేవ కూడా ఉంది. వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010-11లో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. సబ్ సెంటర్ ఆరోగ్య కార్యకర్త మంచాన ఉన్న వృద్ధుల ఇంటికెళ్లి చూడాలి, వాళ్లని ఎలా చూసుకోవాలో కుటుంబానికి నేర్పాలి అని దాని మార్గదర్శకాల్లోనే ఉంది. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో కూడా 104 వాహనంతో వచ్చిన డాక్టరు పొద్దున ఓపీ చూసి, మధ్యాహ్నం మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకి వెళ్లాలి. చాలా కుటుంబాలకి ఇలాంటిది అడగొచ్చని కూడా తెలీదు. మీ ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో, విలేజ్ క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీనో సూటిగా అడగండి.. 'మా ఇంట్లో మంచాన ఉన్న మనిషి ఉన్నారు, పేరు రాసుకున్నారా? ఎప్పుడొస్తారు?' అని.

ఇది అయ్యే పనేనా అంటే, పక్కనే కేరళ చేసి చూపించింది. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు చిన్నగా మొదలుపెట్టిన పాలియేటివ్ కేర్ ఊరూరా వాలంటీర్లతో పెరిగింది. 2008లో ప్రభుత్వం దానికి ఒక విధానమే తెచ్చింది. అక్కడ పంచాయతీల తరఫున నర్సు బండిలో ఇంటికొస్తారు, కట్టు మారుస్తారు, క్యాథెటర్ చూస్తారు, ఇంట్లోవాళ్లతో కాసేపు మాట్లాడి వెళ్తారు. ఆ చివరిది కూడా వైద్యమే.

తీరంలో ముసలితనం కాస్త వేరు

వాడరేవు అంటే మనకి వీకెండ్ బీచ్, రిసార్టులు, రీల్స్. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకి మాత్రం అది నలభై యాభై ఏళ్ల ఎండ, ఉప్పుగాలి, వల లాగిన భుజాలు, చేపల గంప మోసిన మెడ. ఏళ్లతరబడి ఎండలో ఉన్న కళ్లకి శుక్లాలు, కంటి తెల్లగుడ్డు మీద కండ పెరగడం లాంటివి ఎక్కువ. ఎండు చేపలు, పచ్చళ్లలో ఉండే ఉప్పు బీపీని పెంచుతుంది. ఇక మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో 'నొప్పుల బిళ్ల' ఒకటి కొనుక్కుని వేసుకోవడం మనందరి ఇళ్లలో ఉన్నదే. ఆ బిళ్లలు రోజూ వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది, కడుపులో రక్తస్రావం కూడా కావచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఒకసారి తీసి చూడండి. ఏ బిళ్ల ఎందుకో ఎవరికీ తెలియనివి ఒకటో రెండో కచ్చితంగా దొరుకుతాయి.

ఇంకో చిక్కు మనుషులు లేకపోవడం. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మగవాళ్లు ఊళ్లో ఉంటారు. మిగతా కాలంలో తెల్లారకముందే సముద్రం మీదకి పోవాలి. కోడలు చేపల వేలం పాటకో, అమ్మకానికో వెళ్తుంది. పిల్లలు బడికి. పదకొండు గంటలకి మామ్మకి బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి వస్తే? చాలాసార్లు పడేది అప్పుడే, ఒంటరిగా లేవబోయి.

జబ్బు పేరు కాదు.. ఏం చేయగలుగుతున్నారో చూడండి

వృద్ధుల నర్సింగ్‌లో అసలు పాయింట్ ఇదే. 1963లో అమెరికా డాక్టరు సిడ్నీ కాట్జ్ ఒక పద్ధతి తెచ్చారు. ఇప్పటికీ వాడుతున్నారు. స్నానం, బట్టలు కట్టుకోవడం, టాయిలెట్‌కి వెళ్లిరావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, సొంతంగా తినడం. ఈ ఆరింటిలో మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎన్ని సొంతంగా చేసుకుంటున్నారు? ఆర్నెల్ల కిందట ఎన్ని చేసుకునేవాళ్లు? షుగర్ రీడింగ్ గుర్తుపెట్టుకున్నట్టే ఇదీ గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఒక్క పని తగ్గినా లోపల ఏదో మొదలైందని అర్థం.

ఇంకో చిన్న టెస్ట్ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతుల సాయం లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కన ఒకరు నిలబడాలి. 14 సెకన్లలో అయిపోతే పర్వాలేదు. ఎక్కువ పట్టినా, అసలు చేయలేకపోయినా కాళ్లలో బలం తగ్గుతోందని గుర్తు. ఈ ఫోన్లోనే స్టాప్‌వాచ్ ఉంది, ఇప్పుడే చేసి చూడొచ్చు.

బలం తగ్గితే తిరిగి రాదా? వస్తుంది. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో సగటున 90 ఏళ్లున్న 10 మందితో 8 వారాలు కాళ్లకి బరువుల వ్యాయామం చేయిస్తే, చివరిదాకా చేసినవాళ్ల కాళ్ల బలం సగటున రెట్టింపు కంటే ఎక్కువ పెరిగింది. మన దగ్గర జరిగేది దీనికి రివర్స్. 'నువ్వు కూర్చో తాతా, మేం చేస్తాంలే' అని ప్రేమతోనే వల బాగుచేసే పని కూడా లాగేసుకుంటాం. వల అల్లే వేళ్లు, చేపలు ఆరబోసే నడుము, మనవడికి అన్నం పెట్టే చెయ్యి.. ఇవన్నీ వ్యాయామమే. పైగా ఇంట్లో నా అవసరం ఉంది అనే ఫీలింగ్ కూడా. రెస్ట్ పేరుతో మంచం ఎక్కిస్తే కొన్ని రోజుల్లోనే కండ కరిగిపోతుంది.

పడిపోతే?

పడ్డాక కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగినట్టు కనిపిస్తే తుంటి విరిగిందని అనుమానించాలి. నాటు కట్టు కట్టించడం, నూనె రాయడం, రెండ్రోజులు చూద్దాం అనడం.. వద్దు. 108కి ఫోన్ చేయాలి. 'ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే' అనే మాట దాదాపు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. నిజం ఏంటంటే, 80 దాటినవాళ్లకి కూడా తుంటి ఆపరేషన్ త్వరగా చేసి తొందరగా నిలబెట్టడానికే డాక్టర్లు చూస్తారు. అలా వదిలేస్తేనే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు.

మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం అయితే అది స్ట్రోక్. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే. పసరు కోసం తిరిగే టైమ్ కాదది.

పుండు పడకుండా ఆపొచ్చు

మంచాన ఉన్నవాళ్లకి పెద్ద శత్రువు బెడ్ సోర్. ఒకే వైపు ఎక్కువసేపు పడుకుంటే ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, రక్తం అందక చచ్చిపోతుంది. నడుము కింద, తుంటి పక్కన, మడమల దగ్గర మొదలవుతుంది. రెండు గంటలకోసారి వైపు మార్చడమే దీనికి మందు. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. పుస్తకాల్లో 'ఎర్రబడితే జాగ్రత్త' అని ఉంటుంది కానీ మన చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎరుపు సరిగ్గా కనపడదు. చేత్తో తాకి చూడాలి. చుట్టూ ఉన్న చర్మం కంటే వేడిగా, గట్టిగా ఉన్నా, రంగు ఇంకాస్త ముదిరినా పుండు మొదలైనట్టే. అక్కడ గట్టిగా రుద్దొద్దు. కార్ల ట్యూబ్ లాంటి గుండ్రటి దిండు కూడా వద్దు, చుట్టూ రక్తం ఇంకా ఆగుతుంది. ఎయిర్ బెడ్ మంచిదే కానీ అది కొన్నాం కదా అని తిప్పడం మానేయకూడదు. తడిసిన బట్ట వెంటనే మార్చాలి. వాడరేవు ఉక్కపోతలో రబ్బరు షీటు మీద నేరుగా పడుకోబెడితే చెమటకే చర్మం నానిపోతుంది, పైన నూలు దుప్పటి ఉండాలి.

తినిపించేటప్పుడు పడుకోబెట్టి పెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు, తిన్నాక అరగంట అలాగే. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో అని డాక్టరుకి చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియదు, కాబట్టి అడిగినప్పుడే కాకుండా టైమ్ పెట్టుకుని నీళ్లు ఇవ్వాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి.

'మతి పోయింది' అని వదిలేయకండి

నిన్న మామూలుగా ఉన్న తాత ఇవాళ ఉన్నట్టుండి కొడుకుని గుర్తుపట్టకపోతే, లేనివాళ్లతో మాట్లాడుతుంటే, లేదా పిలిచినా పలక్కుండా మగతగా ఉంటే అది వయసూ కాదు, గాలి సోకడమూ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, నీళ్లు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు.. వీటిలో ఏదైనా కావచ్చు. కారణం దొరికితే చాలామంది మళ్లీ మామూలవుతారు. అందుకే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, ఇలా ఒక్క రాత్రిలో రాదు. నెలలు, ఏళ్లు పడుతుంది. 2023లో వచ్చిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో దాదాపు 7.4 శాతం, అంటే 88 లక్షల మందికి అది ఉందని అంచనా.

చూసుకునేవాళ్లని ఎవరు చూస్తారు?

ఈ పనంతా ఎవరు చేస్తున్నారంటే.. కోడలు, కూతురు, ఒక్కోచోట 65 ఏళ్ల భార్య. జీతం లేదు, సెలవు లేదు, రాత్రి నిద్ర లేదు. ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచాలని వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. వారంలో ఒక పూట అయినా ఇంకొకరు కూర్చోవాలి, కొడుకులు కూడా. మనసు బాగా కుంగితే టెలీ మానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. వృద్ధుల కోసం ఎల్డర్ లైన్ 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు.

అసలు చూడటానికే నిరాకరిస్తే 2007 చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో తల్లిదండ్రులు పోషణ ఖర్చు అడగొచ్చు. చీరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి.. నాలుగూ రెవెన్యూ డివిజన్లే, దూరం పోనక్కర్లేదు. మమ్మల్ని చూసుకోవాలి అనే షరతుతో ఆస్తి రాసిచ్చి ఉంటే, చూడనప్పుడు ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయమనీ కోరవచ్చు. ఆ షరతు దస్తావేజులో రాయించుకోవడం మర్చిపోకండి.

తుపాను వస్తే మంచం ఎవరు మోస్తారు?

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు 'పునరావాస కేంద్రానికి వెళ్లండి' అని మైకులో చెబితే నడిచేవాళ్లు నడుస్తారు. లేవలేని మనిషి సంగతి? అక్టోబర్ రాకముందే సచివాలయంలో మంచాన ఉన్నవాళ్ల పేరు, ఇల్లు రాయించండి. ఎవరు మోయాలి, ఏ బండిలో తీసుకెళ్లాలి అనేది ముందే ఇద్దరు కుర్రాళ్లతో మాట్లాడుకుని పెట్టుకోండి. బలమైన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చెరోవైపు పట్టుకుంటే ఇరుకు సందుల్లో మంచం కంటే తేలిక. ఒక కవర్లో పది రోజుల మందులు, చీటీ, ఆధార్, కళ్లజోడు, రెండు పాత నూలు చీరలు, డయాపర్లు. ఇన్సులిన్ ఉంటే అది కూడా, కరెంటు పోతే మట్టికుండలో పెట్టుకోవచ్చు. గాలి మొదలయ్యాక కాదు, మొదటి హెచ్చరిక రాగానే ముందు కదలాల్సింది ఆ ఇల్లే.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. మందులు, చికిత్స విషయంలో డాక్టరు సలహానే పాటించండి.)