మొఖం చాటంతైంది!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఎవరింట్లో మంచి జరిగినా, "నేను చాలా ఆనందంగా ఉన్నాను" అనే మాట వాళ్ల నోట రావడం అరుదు. "పానం సల్లవడ్డది" అంటారు. "కాలు భూమ్మీద నిలుస్తలేదు" అంటారు. సంతోషం పేరెత్తకుండా, అది ఒంట్లో ఏం చేసిందో చెప్పేస్తారు. అలాంటి మాటల్లో కొన్ని విశేషాలు చూడండి.

"మొఖం చాటంతైంది" అనే మాటలోని చాట, ధాన్యం చెరిగే చేట. రైస్ మిల్లులకు పేరుమోసిన మిర్యాలగూడ పరిసరాల్లో ఈ కొలత ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇది ఎక్కువగా ఎదుటివాళ్ల గురించి అనే మాట. "కొడుక్కు నౌకరొచ్చిందనంగనే ఆమె మొఖం చాటంతైంది" అంటారు గానీ, తన ముఖం గురించి తానే ఇలా చెప్పుకునేవాళ్లు తక్కువ.

సెంటు భూమి లేనివాడికి అదృష్టం కలిసొచ్చినా "నీ పంట పండింది పో" అనే అంటాం. ఈ నేల మీద ఆ మాట బరువే వేరు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న పునాదిరాయి పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. లాల్‌బహదూర్ కాలువ అనే ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలను తడిపింది. కాలువ చివరి భూముల రైతుకు "నీళ్లొచ్చినయ్" అనే ఒక్క మాట చాలు. అందులో సంతోషం అన్న పదం లేకపోయినా, దాన్ని మించిన సంతోషపు మాట అతనికి లేదు. తెలుగులో నోములు కూడా పండుతాయి. పాలూ ఏరూ పొంగినట్టే మనిషీ పొంగిపోతాడు.

శుభవార్త మోసుకొచ్చినవాడికి దక్కే దీవెన "నీ నోట్లె శక్కరవొయ్య!" కోపమొస్తే ఇదే అచ్చులో "నీ నోట్లె మన్నువొయ్య" అని శాపం కూడా ఉంది. దీవెనకూ తిట్టుకూ వాక్యం ఒకటే, నోట్లో పోసేదే మారింది. ఈ ఒడుపు నాకు ఎంతో ఇష్టం. "నా కడుపుల పాలు వోసినవ్ బిడ్డా" అనేదాని సందర్భం వేరు. కాన్పు గదిలోంచి తల్లీబిడ్డా క్షేమమని కబురొచ్చినప్పుడో, రాత్రంతా ఇంటికి రాని పిల్లవాడి జాడ తెలిసినప్పుడో పెద్దవాళ్లు అనే మాట ఇది. ముందు గుండెల్లో భయం ఉంటేనే ఈ మాట అతుకుతుంది. లాటరీ తగిలినవాడు అనే మాట కాదు.

1948 దాకా సాగిన నిజాం ఏలుబడి ఇక్కడి సంతోషాలకు బోలెడు మాటలిచ్చింది. ఖుషీ, కుశాల, మజా, జల్సా, దావత్ అలా వచ్చినవే. వచ్చాక అవి ఉన్నచోట ఉండలేదు. పారసీలో మస్తు అంటే మత్తులో ఉన్నవాడు. ఇక్కడ "మస్తు సంబురమైంది" అంటే ఎంతో అని. అరబ్బీలో జల్సా అంటే కూర్చోవడం, సభ, మనకు విలాసం. దావత్ అసలు అర్థం పిలుపు; మనకు విందే దావత్. అన్నిటికన్నా నన్ను మురిపించినది శభాష్. పారసీలో "షాద్ బాష్" అంటే సంతోషంగా ఉండు అని అర్థం. పిల్లవాడి వీపు తట్టి శభాష్ అన్న ప్రతిసారీ, తెలియకుండానే ఆ దీవెన ఇచ్చేస్తున్నాం.

పుస్తకాల్లోని సంబరం ఇక్కడి నాలుక మీద సంబురం. మూలం సంస్కృత సంభ్రమం. విజయనగరం వైపు సంబరమంటే అమ్మవారి ఉత్సవం కూడా. పైడితల్లి సిరిమాను సంబరం అందరికీ తెలిసిందే. ఇక్కడ మాత్రం అది ముందు మనసుకు సంబంధించినది. "మనవరాలిని జూసి ముసలమ్మ సంబురపడ్డది" అంటారు. ఆ ముసలమ్మ పాప బుగ్గలు రెండు చేతులా నిమిరి, ఆ వేళ్లను తన కణతలకు ఆనించి మెటికలు విరుస్తుంది. పటపటమని ఎన్ని ఎక్కువ విరిగితే అంత దిష్టి ఉన్నట్టు.

బ్రహ్మానందం అనగానే ఇప్పుడు హాస్యనటుడే గుర్తొస్తాడు గానీ, తైత్తిరీయోపనిషత్తులో దానికి లెక్క ఉంది. ఆరోగ్యం, చదువు, భూమి నిండా సంపద ఉన్న యువకుడి ఆనందం మొదటి మెట్టు. అక్కడి నుంచి మెట్టు మెట్టుకూ వందరెట్లు పెరుగుతూ పోతే చివరిది బ్రహ్మానందం.

హర్షం మాత్రం పత్రికల్లోనే బతుకుతోంది. నాయకులు "హర్షం వ్యక్తం" చేస్తారు. వాడకట్టులో ఎవరికీ హర్షం కలగదు.

సంతోషానికి హద్దు చెప్పే మాట మిడిసిపాటు. మురిసిపోతే ముద్దు, ఉబ్బిపోతే నవ్వుతారు, మిడిసిపడితే పెద్దలు మందలిస్తారు.

అసలు పదమే అక్కర్లేని సంబురం చూడాలంటే సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టుకు పోవాలి. లింగమంతుల స్వామి జాతర అది, మేడారం తర్వాత తెలంగాణలో పెద్దది. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. గజ్జెల లాగులు తొడుక్కున్న యాదవులు భేరీల మోతకు అడుగులేస్తూ "ఓ లింగా… ఓ లింగా" అని ఎలుగెత్తుతుంటే గట్టంతా మారుమోగుతుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది; 2025 ఫిబ్రవరిలో అయింది కనుక మళ్లీ 2027లోనే.